సాలార్‌జంగ్ మూడవ వారు – కొలువు విడిచి కళను కొలిచిన దివాను

మన సంఘం ప్రత్యేక సంచికకు గతించిన ప్రముఖులలో ఒకరి జీవితం గూర్చి వ్రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. మిత్రులలో చాలామంది గురజాడ వారినో, గిడుగు వారినో, ఆదిభట్ల నారాయణదాసు గారినో ఎన్నుకుంటారని నాకు తెలుసు. వారు మన గడ్డపై వెలసిన మహనీయులు. వారిని గూర్చి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్ళి, హైదరాబాదు నవాబు మీర్ యూసఫ్ అలీఖాన్ గారి జీవితం ఎన్నుకున్నాను. ఈ పేరు చెబితే వెంటనే గుర్తుపట్టేవారు తక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియం అంటే మాత్రం తెలియని ఇల్లుండదు. ఆ మ్యూజియం ఆయన ఇంటి సామాను. ఆయనే మూడవ సాలార్‌జంగ్.

ఆమదాలవలసలో కూర్చున్న ఒక విశ్రాంత గుమాస్తాకు ఆ నవాబుగారితో ఏమి సంబంధమని అడగవచ్చు. సంబంధం ఒక్కటే. మనం 58 ఏళ్ళకు కొలువు దిగాము, ఆయన 25 ఏళ్ళకే దిగారు. దిగిన తరువాత మిగిలిన కాలమంతా ఆయన ఏమి చేశారన్నది పెన్షనరులమైన మనం ఆలోచించదగిన విషయమని నా నమ్మకం.

తాతగారు, తండ్రిగారు

కథ తాతగారి నుండి మొదలుపెట్టాలి. మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్, 1829లో జన్మించారు. 1853లో ఇరవై నాలుగేళ్ళ వయసులో నిజాం రాజ్యానికి దివాను అయ్యారు. దివాను అంటే ప్రధానమంత్రి. అప్పటికి ఖజానాలో చిల్లిగవ్వ లేదు. శిస్తు వసూళ్ళు గుత్తేదారుల చేతిలో ఉండేవి. పాట పాడుకున్నవాడు రైతును పిండి తన పెట్టుబడి లాక్కునేవాడు. ఆయన ఆ గుత్త పద్ధతిని క్రమంగా తొలగించి, జీతం మీద పనిచేసే తాలూక్‌దారులను నియమించారు. 1865లో జిల్లాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, లెక్కలకు, రికార్డులకు ఒక క్రమం తెచ్చారు. మన ప్రాంతం అప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది గనుక మన దఫ్తరాల చరిత్ర వేరు. తెలంగాణా వైపు మాత్రం మనవంటి జీతగాళ్ళ కొలువుకు పునాది వేసినది ఆయనే. ముప్పై ఏళ్ళు దివానుగిరీ చేసి, 1883లో కలరా సోకి ఒక్కరోజు జబ్బుతో కన్నుమూశారు.

ఆయన 1876లో ఐరోపా వెళ్ళారు. ఆ ప్రయాణంలో రోము నగరంలో ఒక పాలరాతి బొమ్మ కొన్నారు. జొవాన్ని మరియా బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెక్కా అది. బైబిలులోని పెళ్ళికూతురు రెబెక్కా, కాబోయే భర్తను దూరం నుండి చూసి ముసుగు వేసుకున్న ఘట్టం. ఆ ఒక్క బొమ్మ కొన్న రోజున, మనుమడు ఒక మహా సంగ్రహానికి కర్త అవుతాడని తాతగారు అనుకొని ఉండరు. అప్పటికి మనుమడు పుట్టనే లేదు.

తండ్రిగారు మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్‌జంగ్, 1884లో దివాను అయ్యారు. మూడేళ్ళకే 1887లో ఆ పదవి వదలుకున్నారు. 1889లో పూనాలో మరణించేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళయినా నిండలేదు.

తండ్రి ముఖం ఎరుగని బిడ్డ

యూసఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. పుట్టిన నెలరోజులలోపే తండ్రి పోయారు. ఇంటికి ఆయన ఒక్కడే మగబిడ్డ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ బిడ్డ ఆలనా పాలనా తన బాధ్యతగా తీసుకున్నారు. బిడ్డ పెరిగి పెద్దవాడయ్యేదాకా ఎస్టేటు వ్యవహారాలు సర్కారు పర్యవేక్షణలో నడిచాయి. తాతకు, తండ్రికి ఉన్న సాలార్‌జంగ్ బిరుదు ఆయనకూ లభించింది. చదువు నిజాం కళాశాలలో సాగింది.

జాగీర్లు, నౌకర్లు, గుర్రాలు, ఏనుగులు అన్నీ ఉన్నాయి. అయితే తండ్రి గొంతు ఎలా ఉంటుందో తెలియని బాల్యం ఆయనది. దివాన్ దేవిడీ అనే ఆ పెద్ద భవనంలో తాతగారు కొన్న వస్తువులు, తండ్రిగారు వాడిన వస్తువులు చూస్తూ పెరిగాడు ఆ పిల్లవాడు. మనిళ్ళలోనూ తండ్రి పోయిన పిల్లలు ఆయన కళ్ళజోడో, చేతికర్రో, కలమో దాచుకోవడం మనం చూసినదే. యూసఫ్ అలీఖాన్ గారికి వస్తువులపైన అంతటి ప్రీతి ఎలా కలిగిందని నేను ఆలోచించినప్పుడల్లా నాకు ఈ సంగతే తోస్తుంది. ఇది నా ఊహే సుమా.

ఇరవై మూడేళ్ళకు దివాను

1911లో మహబూబ్ అలీఖాన్ మరణించి, ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కారు. మరుసటి ఏడు, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో యూసఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు. తాతగారు దివాను అయిన వయసు కంటె కూడా ఒక ఏడు తక్కువ. నిజాంకూ చిన్న వయసే, దివానుకూ చిన్న వయసే. ఇద్దరికీ అభిప్రాయభేదాలు వచ్చాయి. 1914 చివరలో సాలార్‌జంగ్ రాజీనామా చేశారు. ఆ తరువాత దాదాపు అయిదేళ్ళు నిజాం దివాను లేకుండానే స్వయంగా పాలించారు.

మూడు తరాలుగా ఇంట్లో ఉన్న పదవి అది. పాతికేళ్ళకే చేయి జారిపోయింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అటువంటి వయసులో, అంత డబ్బు చేతిలో ఉండి, పని లేకుండా పోయిన మనిషి ఏ వ్యసనంలోనైనా పడవచ్చు. దర్బారులో కుట్రలు పన్నుతూ, పోయిన కుర్చీ కోసం పాకులాడుతూ బ్రతుకు చెడగొట్టుకున్న ప్రభువులు చరిత్రలో కావలసినంతమంది ఉన్నారు.

ఇక్కడ మన సంగతి ఒక్కమాట చెప్పుకోవాలి. నాతో పనిచేసిన ఒక మిత్రుడు, పేరు అనవసరం, చార్జి అప్పగించిన తరువాత కూడా చాలా రోజులు పదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆఫీసు వరండాకు వచ్చి కూర్చునేవాడు. మొదట్లో అందరూ టీ ఇప్పించేవారు. తరువాత తరువాత తల ఎత్తి చూసేవారు కాదు. మనలో ఎందరికో ఈ అవస్థ ఎంతో కొంత తెలుసు. చేతిలోని ఫైలు పోయాక రోజు ఎంత పొడుగో అప్పుడు గాని తెలియదు. ఆ పొడుగు రోజులు సాలార్‌జంగ్ గారికి పాతికేళ్ళకే వచ్చాయి.

దివాన్ దేవిడీలో ముప్పై అయిదేళ్ళు

ఆయన ఆ రోజులను కళావస్తువులకు అర్పించారు. 1914 నుండి 1949లో మరణించేవరకు, అనగా సుమారు ముప్పై అయిదేళ్ళు, సేకరణే ఆయన ఉద్యోగమైంది. విదేశాలలో ఆయనకు ఏజెంట్లు ఉండేవారు. పేరున్న వర్తకుల వద్ద నుండి జాబితాలు, కేటలాగులు ఆయనకు చేరేవి. తానుగా ఐరోపా, పశ్చిమాసియా దేశాలు తిరిగి కొన్నవీ ఉన్నాయి. ఇక దేశంలోని వర్తకులు సరేసరి, మూటలతో దేవిడీ గుమ్మం ముందుకే వచ్చేవారు. కవులకు, రచయితలకు, చిత్రకారులకు కూడా ఆయన ఇల్లు ఆశ్రయంగా ఉండేది.

ఏమేమి కొన్నారని వ్రాయడానికి ఈ సంచిక మొత్తం చాలదు. మొగలు చక్రవర్తి జహంగీరు బాకు, షాజహాను పేరు చెక్కిన విలుకాడి ఉంగరం, ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరున్న పచ్చరాతి పుస్తకపీట, యాకూత్ అల్ ముస్తాసిమీ చేతివ్రాతగా పేరొందిన, మొగలు చక్రవర్తుల సంతకాలున్న పవిత్ర ఖురాను, రవివర్మ చిత్రాలు, చైనా పింగాణీ, జపాను పట్టు, పర్షియా తివాసీలు, ఫ్రాన్సు గాజు, ఏనుగు దంతపు పని, ఆటబొమ్మలు, చేతికర్రలు. రాజుల వస్తువులూ ఉన్నాయి, పిల్లల బొమ్మలూ ఉన్నాయి. ఖరీదు చూసి కాక, మనసుకు నచ్చి కొన్నారని వాటిని చూస్తేనే తెలుస్తుంది.

నేడు మ్యూజియంవారి లెక్క ప్రకారం కళావస్తువులు 46,000 పైచిలుకు, వ్రాతప్రతులు 8,000 పైచిలుకు, అచ్చు పుస్తకాలు 60,000 పైచిలుకు. ఇందులో తాత, తండ్రి గార్లు చేర్చినవీ ఉన్నా, సింహభాగం ఈయన సేకరించినదే. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, ఒకసారి కాగితంపై లెక్క వేశాను. 46,000ను ముప్పై అయిదేళ్ళకు పంచితే ఏడాదికి 1,300 పైన. అనగా రోజుకు మూడు నాలుగు వస్తువులు, ఆదివారాలు, పండుగలు కూడా కలుపుకొని.

ఆయన చివరిగా కొన్నది ఒక దంతపు కుర్చీల జత అని చెబుతారు. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ మైసూరు టిప్పు సుల్తానుకు కానుకగా పంపినవని వాటికి ప్రతీతి. 1949 మార్చి 2న సాలార్‌జంగ్ మరణించారు. అప్పటికి ఆయనకు అరవై కూడా నిండలేదు. మనం పదవీ విరమణ చేసిన ఈడుకు ఆయన లోకాన్నే విడిచి వెళ్ళారు. అంత కూడబెట్టినా, నింపాదిగా కూర్చొని వాటిని చూసుకునే వార్ధక్యం ఆయనకు దక్కలేదు.

వారసులు లేని సంపద

ఆయన పోయేనాటికి హైదరాబాదు పరిస్థితి ఎట్లున్నదో గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, రాజ్యం భారత యూనియనులో కలిసి ఆరు నెలలు కాలేదు. అదే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. సాలార్‌జంగ్ గారికి భార్యాబిడ్డలు లేరు. అటువంటి సంధికాలంలో యజమాని లేని ఇల్లు, ఇంటినిండా వెలకట్టలేని వస్తువులు. వాటి గతి ఏమి కావలసింది? వేలంపాటలో పోయి నాలుగు దేశాల పాలు కావలసింది.

అట్లు కాకపోవడానికి కారణం ప్రభుత్వం వెంటనే ఎస్టేటు నిర్వహణకు ఒక కమిటీ వేయడం. ఆనాటి పాలనాధికారి వెల్లోడి గారికి ఈ వస్తువులన్నీ ఒకచోట ఉంచి మ్యూజియం చేయాలనే ఆలోచన కలిగింది. ఆ పనికి జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుని పిలిపించారు. ఈ ఐర్లండు పెద్దమనిషి తెలుగువారికి కొత్తవాడు కాదు, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసినవాడు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె వచ్చి బసచేసినది ఆయన వద్దనే. కజిన్స్ గారి ఆధ్వర్యాన దివాన్ దేవిడీలోనే వస్తువులను అమర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు.

ఆస్తిపై దూరపు బంధువుల హక్కుల వ్యవహారం చాలా కాలం నడిచింది. 1958 డిసెంబరులో హైకోర్టు ద్వారా రాజీ కుదిరి, సేకరణ అంతా ప్రభుత్వపరమైంది. అదే 1958లో మన విజయనగరంలో పూసపాటి పి.వి.జి. రాజు గారు మాన్సాస్ సంస్థ స్థాపించి, కోటను విద్యకు అప్పగించిన సంగతి మీకు తెలుసు. ఒకచోట కోట బడి అయింది, మరొకచోట దేవిడీ ప్రదర్శనశాల అయింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి సాలార్‌జంగ్ మ్యూజియంను జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీనది దక్షిణపు ఒడ్డున కట్టిన ఇప్పటి భవనంలోకి మార్చారు. తరువాత ఇరుపక్కలా కట్టిన రెండు భవనాలకు తాత తురాబ్ అలీఖాన్, తండ్రి లాయక్ అలీఖాన్ పేర్లు పెట్టారు. దివాన్ దేవిడీ మాత్రం నేడు లేదు, పాత దర్వాజాలు మిగిలాయి.

ఈ ఘట్టంలో పేరులేని మరికొందరిని నేను తలచుకుంటాను. అన్ని వేల వస్తువులకు ఎవరో ఒకరు జాబితా వ్రాసి ఉండాలి. ఒక్కొక్క గిన్నెకు, ఒక్కొక్క కత్తికి, ఒక్కొక్క పుస్తకానికి రిజిస్టరులో ఒక వరుస. వరుస సంఖ్య, వివరం, కొలత, స్థితి, సంతకం. ఏటేటా స్టాకు తనిఖీ చేసిన మనకు ఆ పని ఎంతటిదో తెలుసు. నెహ్రూ గారి పేరు ఫలకంపై ఉంటుంది, ఆ గుమాస్తాల పేర్లు ఎక్కడా ఉండవు. వారి వరుసలు లేకపోతే కోర్టులో గాని, పార్లమెంటులో గాని ఏది ఎవరిదో చెప్పగలిగేవారా?

తొమ్మిది గంటల చూపు

హైదరాబాదు మన రాజధానిగా ఉన్న రోజులలో నేను నాలుగుసార్లు ఆ మ్యూజియం చూశాను. మొదటిసారి 1977లో, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు పట్టుకొని ఏజీ ఆఫీసుకు వెళ్ళినప్పుడు. పని ముగిసేసరికి మధ్యాహ్నం రెండున్నర. సిటీబస్సు పట్టుకొని మ్యూజియం చేరి, టిక్కెట్టు తీసుకొని లోపలికి వెళ్ళేసరికి మూడు దాటింది. అయిదింటికి మూసేస్తారు. పరుగు పరుగున తిరుగుతుండగా రెబెక్కా ముందర కాళ్ళు ఆగిపోయాయి. మన పొందూరు సన్నఖద్దరు తడిపి ముఖంపై పరచినట్లు ముసుగు, ఆ ముసుగులో నుండి కనురెప్పలు, పెదవులు కనిపిస్తున్నాయి. రాయి ఒకటే. ముసుగూ అదే రాయి, ముఖమూ అదే రాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గాని, కాపలాదారు గంట కొట్టేసరికి మిగతా గదులు మిగిలిపోయాయి. రాత్రి రైలుకు తిరుగు ప్రయాణం.

రెండవసారి 1988లో ఎల్టీసీ పెట్టుకొని మా ఇంటావిడతో, పిల్లలతో వెళ్ళాను. పిల్లలకు సంగీత గడియారం తప్ప మరొకటి పట్టలేదు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. కమ్మరి బొమ్మ సెకన్లకు సుత్తితో కొడుతుంటాడు. గంట కావచ్చేసరికి ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు మ్రోగించి లోపలికి పోతాడు. పన్నెండు గంటలు చూసినవారు ఒంటిగంట కూడా చూస్తామని మారాం చేశారు. మూడవసారి 1999లో ఉద్యోగ సంఘం మహాసభకు వెళ్ళినప్పుడు ఇరవైమందిమి కలిసి, కాలు నిలవని చూపు. నాలుగవసారి 2011లో, రిటైరయిన తరువాత, మా అబ్బాయి కుటుంబంతో. చంకలో చంటిది ఏడుపు.

నాలుగుసార్లూ కలిపితే తొమ్మిది గంటలు మించదు. ఉన్న 46,000 వస్తువులకు నిమిషం చొప్పున చూసినా 766 గంటల పైన కావాలి. రోజుకు ఏడు గంటల వంతున దాదాపు 110 రోజులు. అన్నీ ఒకేసారి ప్రదర్శనలో ఉండవు గనుక అంత అవసరం రాదనుకోండి. అయినా నా లెక్కలో నేను ఎంత బాకీపడి ఉన్నానో మీకు అర్థమవుతుంది.

నాకు ఉన్న కోరిక చిన్నదే. తొందర లేకుండా, రైలు వేళ చూసుకోకుండా, రోజుకు ఒక్క గది చొప్పున చూడాలి. పచ్చరాతి గదిలో ఆ పుస్తకపీట ముందు కూర్చోవాలి. క్రీ.శ. 1209-10 నాటిదది. ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు ఏలుతున్న కాలం. రుద్రమదేవి రాణి కావడానికి ఇంకా యాభై ఏళ్ళ పైన ఉంది. అప్పుడెవరో దానిపైన గ్రంథం పెట్టి చదువుకున్నారు. ఇత్తడి, కంచు సామాను దగ్గర నిలబడి, మన బుడితి పనివారి చేతితో పోల్చుకోవాలి. ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే పొగరుబోతు పిశాచాన్ని, వెనుక తల వంచిన మార్గరెట్టా అనే కన్నెను చెక్కిన కొయ్యబొమ్మను, దాని వెనుక అద్దాన్ని, అటూ ఇటూ తిరిగి తీరికగా చూడాలి. ఎవరూ పదండి పదండి అనకూడదు.

మనకు మిగిలినది

సాలార్‌జంగ్ గారి జీవితంలో ఘనకార్యాలు వెతికితే తక్కువ. ఆయన యుద్ధాలు చేయలేదు, తాతగారి వలె సంస్కరణలు తేలేదు. దివానుగిరీ రెండేళ్ళు పైచిలుకు మాత్రమే. పదవి ఒక్కటే మనిషికి కొలత అయితే చరిత్రలో ఆయనకు ఒక్క పేరా కూడా రాదు. పదవి పోయిన తరువాత చేసిన పనే ఆయన పేరు నిలిపింది. నిజాం నగల సంగతి చూడండి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లు పెట్టి కొన్నది. అవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉండి, ఎప్పుడో అరుదుగా గాని ప్రజల కంటపడవు. పెళ్ళీ పిల్లలూ లేని ఈ మాజీ దివాను పోగుచేసినది మాత్రం టిక్కెట్టు కొన్న ప్రతి కూలీకి, ప్రతి విద్యార్థికి, ప్రతి గుమాస్తాకు కనబడుతున్నది. వారసులు లేరని ఆనాడు బాధపడినవారుంటే, వారికి ఇదే సమాధానం.

కావున సోదర పెన్షనరులకు, వారి కుటుంబ సభ్యులకు నా మనవి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు గుడులూ గోపురాలూ చూసినట్లే ఈ మ్యూజియంకు ఒక పూర్తి రోజు కేటాయించండి. శుక్రవారం సెలవు, మిగతా రోజులలో ఉదయం పది గంటలకే వెళ్ళండి. అన్నీ చూడాలని పెట్టుకోకండి, మూడు గదులు చాలు. మనుమలను గడియారం దగ్గరకు తీసుకెళ్ళండి, ఆ గంట కాగానే వారికి ఇష్టమైన ఒక్క వస్తువు ముందు కూర్చోబెట్టి, అందులో ఏమేమి కనబడుతున్నదో వారినే చెప్పమనండి.

శ్రీకాకుళం రోడ్ స్టేషనులో బండి ఎక్కితే మరునాటికి సికింద్రాబాదు. నా మోకాళ్ళ సంగతి డాక్టరుగారు చూసుకుంటున్నారు. నవంబరు దాటిన తరువాత, పండుగ లోపల, ఎవరైనా మిత్రులు కలిసివస్తే నాలుగు రోజులు అక్కడే ఉండేటట్లు ప్రయాణం పెట్టుకోవాలని ఉంది. సంక్రాంతికి ఎలాగూ ఎవరి ఇళ్ళకు వారు చేరవలసిందే. కలిసివచ్చేవారు సంఘ కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.

– ఒక విశ్రాంత గుమాస్తా, ఆమదాలవలస